పట్టణ పునరుద్ధరణ: పటం గీయకముందే అడగవలసిన మాట

ఈ సావనీరులో ప్రతి సంవత్సరమూ మనం పిల్లల చదువులు, స్కాలర్‌షిప్పులు, పేదింటి ఆడపిల్లల పెళ్ళిళ్ళు, వైద్య శిబిరాలు వగైరా విషయాలు రాసుకుంటూ వస్తున్నాం. ఈసారి కొంచెం వేరే విషయం ఎత్తుకున్నాం. అది మనం ఉండే ఊరి సంగతి. మన ఇంటి ముందటి మోరీ, మన దుకాణం ముందటి రోడ్డు, మన ఖబరస్తాను పక్కనుంచి పోయే నాలా - వీటిని గూర్చి ఎవరు నిర్ణయిస్తారు, ఎప్పుడు నిర్ణయిస్తారు, ఆ నిర్ణయంలో మన మాటకు చోటెక్కడ అన్నదే ఈ వ్యాసం.

"ఇది ఇంజనీర్ల పని, మనకెందుకండీ" అని కొందరు పెద్దలు అనవచ్చును. నిజం చెప్పాలంటే మేమూ అలాగే అనుకున్నాం. 2023 జనవరి నెలలో కామారెడ్డి రోడ్ల మీద జరిగింది చూసిన పిదప ఆ మాట అనడానికి మాకు నోరు రాలేదు. ఆ కథ ముందుముందు చెబుతాం. దానికన్నా ముందు ఈ పట్టణ పునరుద్ధరణ అనేది ఎక్కడ పుట్టింది, మనదాకా ఎట్లా వచ్చింది అన్న చరిత్ర కొంత తెలుసుకోవడం అవసరం.

మూడు మాటలు

ఈ విషయం మీద ఏ పుస్తకం తెరిచినా మూడు మాటలు కనిపిస్తాయి: విధానం, వ్యూహం, ప్రజల భాగస్వామ్యం. పెద్ద మాటల్లాగా ఉన్నా ఇవి మన ఇళ్ళల్లో నిత్యం జరిగేవే.

తాతల నాటి పెంకుటిల్లు ఒకటి ఉందనుకోండి. గోడలు పాతబడ్డాయి. అన్నదమ్ములు కూర్చున్నారు. దీన్ని బాగు చేసుకుందామా, పడగొట్టి కొత్తది కడదామా, అమ్ముకుని వేరే చోటికి పోదామా? ఈ తీర్మానం పేరు విధానం. బాగు చేద్దామనుకున్నారు. ముందు ఏ గది, తరవాత ఏ గది, ఆ నాలుగు నెలలూ ఎక్కడ కిరాయికి ఉండాలి, డబ్బు ఎక్కడినుంచి తేవాలి? ఇది వ్యూహం. ఇక మేస్త్రీ వచ్చాడు. కొలతలు తీసాడు. కాని వాన కురిస్తే కప్పు ఎక్కడ కారుతుందో మేస్త్రీకి తెలియదు. ఆ ఇంట్లో నలభై ఏళ్ళుగా పడుకుంటున్న అమ్మకు తెలుసు. అమ్మను అడగకుండా కట్టిన కప్పు మొదటి వానకే కారుతుంది. ఆమెను అడగడమే భాగస్వామ్యం.

ఊరి విషయంలోనూ ఇంతే. విధానం సర్కారుది, వ్యూహం అధికారులది. అడగవలసిన అమ్మ మాత్రం మొహల్లాలో ఉంటుంది. నూరేళ్ళ చరిత్ర తిరగేస్తే మాకు కనిపించినది ఒక్కటే. అడిగి చేసిన చోట పని నిలిచింది. అడగకుండా చేసిన చోట గోడలు లేచినా మనుషులు చెదిరిపోయారు.

మూసీ వరద తరవాత

మన హైదరాబాదు రాజ్యంలో ఈ కథ ఒక విపత్తుతో మొదలయింది. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి నగరాన్ని ముంచివేసింది. వేలాది మంది చనిపోయారు. ఆ మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించి, వరద నివారణకూ మురుగునీటి పారుదలకూ పథకాలు తయారు చేయించారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు ఆ ఆలోచననుంచి వచ్చినవే. 1912లో, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు మొహల్లాలను తొలగించడం, వెడల్పయిన రోడ్లు వేయడం, రాబడిని బట్టి తరగతులవారీగా ఇళ్ళు కట్టి ఇవ్వడం ఈ బోర్డు పనులు. పత్తర్‌గట్టీ రాతి దుకాణాల వరుస ఆ కాలపు ఆలోచనకు నిదర్శనంగా ఈనాటికీ నిలిచి ఉంది.

ఆ బోర్డు చేసిన మేలు తక్కువేమీ కాదు. ప్లేగు, కలరా పీడించిన రోజుల్లో గాలీ వెలుతురూ ఉన్న ఇళ్ళు పేదవాడికి దొరకడం చిన్న విషయమా? అయితే ఆ పద్ధతి పైనుంచి కిందికి దిగేది. పటం దర్బారులో తయారయేది, కబురు మొహల్లాకు వచ్చేది. రాచరికంలో అంతకన్నా ఆశించలేము కూడా.

అదే కాలంలో వేరే మాట చెప్పిన పెద్దమనిషి ఒకరున్నారు. స్కాట్లాండు దేశస్థుడు పాట్రిక్ గెడ్డెస్. 1914లో మన దేశానికి వచ్చి ఎన్నో పట్టణాలు కాలినడకన తిరిగి నివేదికలు రాసాడు. పాత ఊరిని గొడ్డలితో నరకవద్దు, వైద్యుడు శస్త్రచికిత్స చేసినట్లు కుళ్ళిన భాగం మటుకు తీసివేసి మిగతాది కాపాడమని అతని సిద్ధాంతం. ఒక సందు వెడల్పు చేయాలంటే రెండు పక్కలా ఇళ్ళు కూల్చనక్కరలేదు. పడిపోయిన ఇంటి జాగను ఖాళీగా వదిలి, అక్కడొక చెట్టు నాటితే గాలి వస్తుంది అనేవాడు. ఖర్చు తక్కువ, కన్నీళ్ళు తక్కువ. 1918లో ఇండోరు పట్టణానికి అతను రాసిన నివేదికను ఈ శాస్త్రం చదివేవారు నేటికీ చదువుతారు. ముందు సర్వే, ఆ పిదపే పటం అన్న అతని పట్టుదల మనం గుర్తుంచుకోవలసినది.

విలాయతులో ఏం జరిగింది

ఇప్పుడు పాఠ్యపుస్తకాలలో ఉన్న పునరుద్ధరణ శాస్త్రం చాలావరకు ఇంగ్లాండు అనుభవంనుంచి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తరవాత అక్కడ పాత మురికివాడలను మొత్తంగా కూల్చి, పెద్ద పెద్ద అంతస్తుల మేడలు కట్టారు. 1968 మే నెలలో లండనులో రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల మేడ ఒక మూల కూలిపోయింది. మేడలపై మోజు తగ్గడం మొదలయింది. ఇరుగుపొరుగు చెదిరిపోయిన బాధ జనంలో అంతకుముందునుంచే ఉంది. 1969లో స్కెఫింగ్టన్ కమిటీ, పట్టణ ప్రణాళికల తయారీలో ప్రజలను మొదటినుంచీ కలుపుకోవాలని చెప్పింది. అదే ఏడాది అమెరికాలో షెర్రీ ఆర్న్‌స్టైన్ అనే ఆమె ఒక వ్యాసం రాసింది. ప్రజల భాగస్వామ్యం ఎనిమిది మెట్ల నిచ్చెన అంది. అడుగు మెట్ల మీద జనాన్ని కూర్చోబెట్టి సర్దిచెప్పి పంపించడం, నడిమి మెట్ల మీద కబురు చెప్పి అభిప్రాయం అడగడం, పై మెట్ల మీద నిర్ణయంలోనే వాటా ఇవ్వడం. మన ఊళ్ళలో జరిగే సభలు ఏ మెట్టు మీద ఉన్నాయో పాఠకులే ఆలోచించుకోవాలి.

1977లో బ్రిటిషు ప్రభుత్వం నగరాల లోపలి పేటల దుస్థితిపై శ్వేతపత్రం ప్రకటించి, మరుసటి ఏడాది చట్టం చేసింది. గృహాలొక్కటే సమస్య కాదు, ఉపాధి పోవడం అసలు సమస్య అని అందులో ఒప్పుకున్నారు. 1981లో గాలి మారింది. లండను రేవు ప్రాంతానికి ప్రత్యేక కార్పొరేషను వచ్చింది. స్థానిక కౌన్సిళ్ళ చేతినుంచి ప్రణాళికా అధికారాలు దానికి పోయాయి. అద్దాల మేడలు లేచాయి, బ్యాంకులు వచ్చాయి. కాని పాత రేవు కూలీల కుటుంబాలు, ఆ ఇళ్ళూ ఆ ఉద్యోగాలూ మా కోసం కాదని వాపోయాయి. తరవాత 1998లో మరో పద్ధతి పెట్టారు. వెనకబడిన 39 పేటలను ఎంచుకుని, ఒక్కొక్క దానికి పదేళ్ళపాటు నిధులిచ్చి, నడిపే బోర్డులలో ఆ పేటవాళ్ళనే కూర్చోబెట్టారు. పదేళ్ళు అన్నది గమనించండి. జనాన్ని కలుపుకోవడం ఒక్క సభతో తెమిలే పని కాదని వాళ్ళకు ముప్పయ్యేళ్ళకు అర్థమయింది.

తుర్క్‌మన్ గేటు

మన దేశంలో అడగకుండా చేసిన పనికి పెద్ద ఉదాహరణ 1976 ఏప్రిలు నాటిది. అత్యవసర పరిస్థితి రోజులు. ఢిల్లీ పాతబస్తీలోని తుర్క్‌మన్ గేటు దగ్గర తరతరాలుగా ఉంటున్న కుటుంబాల ఇళ్ళను సుందరీకరణ పేర బుల్‌డోజర్లతో కూల్చారు. ఎదురు తిరిగిన జనం మీద కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. మిగిలినవారిని లారీలలో ఎక్కించి యమునకు ఆవల దూరపు కాలనీలకు తరలించారు. పని దొరికేది ఇక్కడ, పడుకునేది అక్కడ అయింది. ఇల్లు పోవడమంటే నాలుగు గోడలు పోవడం మాత్రమే కాదు. అప్పు ఇచ్చే కిరాణా దుకాణం, పిల్లల బడి, ఆపదకు పలికే పొరుగు - అన్నీ ఒక్కనాడే పోతాయి.

1985 జులైలో సుప్రీంకోర్టు బొంబాయి ఫుట్‌పాత్ వాసుల కేసులో, జీవనోపాధి హక్కు జీవించే హక్కులో భాగమే అని తీర్పు చెప్పింది. ఓల్గా టెల్లిస్ కేసుగా దానికి పేరు. ఆక్రమణలు తొలగించవద్దని కోర్టు అనలేదు. తొలగించేముందు నోటీసు ఇవ్వాలి, వినాలి అన్నది. ఆ "వినాలి" అన్న మాట విలువ చిన్నది కాదు.

హైదరాబాదు బస్తీలు చూపిన దారి

అడిగి చేస్తే ఎట్లా ఉంటుందో చూపడానికి మనం దూరదేశాలు పోనక్కరలేదు. 1967లో హైదరాబాదు మునిసిపల్ కార్పొరేషనులో అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ అనే ప్రాజెక్టు మొదలయింది. మొదట పాతనగరంలో ఆరంభించారు. దీని పద్ధతి సాదాగా ఉండేది. ఉద్యోగి ఫైలు పట్టుకుని రాడు. బస్తీలోకి వచ్చి కూర్చుంటాడు. మీకు ముందు ఏం కావాలి అంటాడు. ఒక బస్తీ బాల్వాడీ అడుగుతుంది, ఒక బస్తీ ఆడవాళ్ళకు కుట్టుపని కేంద్రం అడుగుతుంది, ఇంకొకటి నల్లా అడుగుతుంది. బస్తీవాళ్ళు కమిటీ వేసుకుని తమ వంతు చందానో శ్రమనో ఇవ్వాలి. మిగతాది కార్పొరేషను చూసుకుంటుంది. బురఖాలోంచి బయటికి రాని ఆడవాళ్ళు కుట్టుమిషను దగ్గర కూర్చుని, కొన్నాళ్ళకు మోరీ సంగతీ పట్టా సంగతీ మాట్లాడడం మొదలుపెట్టారు.

1970ల మధ్యనుంచి యునిసెఫ్ సహాయం తోడయింది. అప్పుడే గుడిసెవాసులకు జాగా పట్టాలిచ్చి, బ్యాంకు అప్పు ఇప్పించి, కుటుంబం సొంత కష్టంతో పక్కా ఇల్లు కట్టుకునే పద్ధతి వచ్చింది. పట్టా, అప్పు, చెమట - ఈ మూడూ కలిసాయి. కాంట్రాక్టరు కట్టిన ఇల్లు పాడయితే కాంట్రాక్టరును తిడతాం. మనం కట్టుకున్న ఇల్లు పాడయితే మనమే బాగు చేసుకుంటాం. తేడా అక్కడ ఉన్నది. 1983నుంచి బ్రిటిషు ప్రభుత్వ నిధులు వచ్చి పని పెద్దదయింది. ఆ తరవాత విశాఖపట్నంలో 1988నుంచి, విజయవాడలో 1990నుంచి ఇటువంటి పథకాలే నడిచాయి. డబ్బు పెరిగినకొద్దీ రోడ్లు, లైట్లు, మోరీల పని ముందుకు పరుగెత్తి, బస్తీలో కూర్చుని వినే పని వెనకబడిందని పరిశీలకులు రాసారు. ఇదీ మనం నేర్చుకోవలసిన పాఠమే.

సరిహద్దు అవతల కరాచీలో 1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ అనే పెద్దాయన ఓరంగీ అనే బస్తీలో ఇంకా ఒక అడుగు ముందుకు పోయాడు. సర్కారు మురుగు కాలువలు వేయదు, కాంట్రాక్టరు ధర పేదవాడికి అందదు. అందుకని ఒక్కొక్క గల్లీని ఒక యూనిట్టు చేసి, ఇరవై ముప్పయి ఇళ్ళవాళ్ళు చందాలు వేసుకుని, తమలో ఒకరిని పెద్దగా ఎన్నుకుని, తామే పైపులు వేసుకున్నారు. సలహా, కొలతలు సంస్థవి. ఇంట్లో మరుగుదొడ్డి, గల్లీ కాలువ జనం బాధ్యత. పెద్ద కాలువ, శుద్ధి చేసే పని సర్కారు బాధ్యత. ఎవరి పని ఏదో తేలిపోయింది.

చట్టం ఏమంటున్నది

1993 జూన్ 1న అమలుకు వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పట్టణ ప్రణాళిక, మురికివాడల బాగు వంటి 18 విషయాలను మునిసిపాలిటీలకు అప్పగించవలసినవిగా పేర్కొన్నది. వార్డు కమిటీలు ఉండాలని కూడా చెప్పింది. అయితే మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న చోట్లకే ఆ నియమం. కామారెడ్డి జనాభా 2011 లెక్కల ప్రకారం 80 వేల పైచిలుకు. ఎల్లారెడ్డి అంతకన్నా ఎంతో చిన్నది. కనుక రాజ్యాంగంలోని ఆ కమిటీ మన గడపదాకా రానే లేదు.

ఆ లోటు కొంత తీర్చినది 2019 తెలంగాణ మునిసిపల్ చట్టం. ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు: యువకులకొకటి, మహిళలకొకటి, వయోవృద్ధులకొకటి, ప్రముఖ పౌరులకొకటి. ఒక్కొక్క దానిలో 15 మంది. 2020 ఎన్నికల నాటికి కామారెడ్డిలో 49 వార్డులు, ఎల్లారెడ్డిలో 12 వార్డులు. లెక్క వేసి చూడండి. కామారెడ్డిలో 2,940 మందికి, ఎల్లారెడ్డిలో 720 మందికి ఊరి పనులలో మాట్లాడే కుర్చీ చట్టం చూపించింది. కుర్చీ ఉండడం వేరు, కూర్చోవడం వేరు. మన మొహల్లాలలో ఆ కమిటీలలో ఎవరున్నారో చెప్పమంటే మనలో ఎంతమందిమి చెప్పగలం?

తోపుడు బండి, ఫుట్‌పాత్ వ్యాపారం చేసుకునేవారు మనలో ఎక్కువ. వారికి 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం నూటికి 40 మంది వీధి వ్యాపారులే ఉండాలి, వారిలో మూడో వంతు మహిళలు. సర్వే చేసి గుర్తింపు పత్రం ఇవ్వకుండా వ్యాపారిని లేపివేయరాదని ఆ చట్టం చెబుతున్నది. ఈ సంగతి పండ్ల బండి అబ్దుల్ భాయికి ఎవరు చెప్పాలి? మనమే చెప్పాలి.

మన ఊరి కథ

ఇక కామారెడ్డికి వద్దాం. దోమకొండ సంస్థానపు ప్రభువు పేర వెలసిన ఊరని పెద్దలు చెబుతారు. 1900 ప్రాంతంలో సికింద్రాబాదు - మన్మాడు రైలు లైను పడిన తరవాత కస్బా కాస్తా వ్యాపార కేంద్రమయింది. బెల్లం, వడ్లు, మక్కల వ్యాపారం, స్టేషను చుట్టూ బజారు పెరిగాయి. తరవాత హైవే వచ్చి ఊరిని మరో వైపు లాగింది. 2016 అక్టోబరు 11న నిజామాబాదునుంచి వేరుపడి జిల్లా కేంద్రమయింది. ఆఫీసులు, ఆస్పత్రులు, కాలేజీలతో జాగాల ధరలు ఆకాశాన్నంటాయి. 2018లో చుట్టుపక్కల పల్లెలు కొన్ని మునిసిపాలిటీలో కలిసాయి. ఆ రోజు వరకూ రైతులు, మరునాటినుంచి పట్టణవాసులు.

2022 చివరలో కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదా బయటికి వచ్చింది. అభ్యంతరాలకు 2023 జనవరి 11 గడువు. అడ్లూరు, ఇల్చిపూరు, లింగాపూరు, టేక్రియాలు మొదలైన చోట్ల రైతుల పంట భూములు పటంలో పరిశ్రమల రంగులోనో, పచ్చ రంగులోనో, వంద అడుగుల రోడ్ల గీతలలోనో కనిపించాయి. ఇక్కడ ఒక సంగతి విడమరిచి చెప్పాలి. పటంలో రంగు పడినంత మాత్రాన భూమి ఆ రోజే పోదు. పట్టా రైతు పేరనే ఉంటుంది. కాని ఆ రంగు ప్రకారం కాక వేరే పనికి అనుమతి దొరకదు. ఇల్లు కట్టుకుందామంటే పర్మిషను రాదు. బిడ్డ పెళ్ళికి ఎకరం అమ్ముదామంటే కొనేవాడు వెనకాడుతాడు. భూమి ఉంటుంది, దాని విలువ పోతుంది. రైతు భయం దాన్ని గురించే.

జనవరి మొదటి వారంలో ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. మరునాడు వేలమంది కలెక్టరు కార్యాలయం ముందు కూర్చున్నారు. బంద్ జరిగింది, లాఠీలు లేచాయి, కొందరు హైకోర్టుకు వెళ్ళారు. చివరకు జనవరి 20న మునిసిపల్ కౌన్సిలు సమావేశమై ఆ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. అదే సమయంలో జగిత్యాలలోనూ అటువంటి గొడవే జరిగి, అటువంటి తీర్మానమే వచ్చింది.

గెలిచారని కొందరన్నారు. మేము అట్లా అనలేకపోతున్నాం. ఒక ఇంటి దీపం ఆరిన తరవాత వచ్చిన గెలుపు అది. చట్టప్రకారం చూస్తే అభ్యంతరాల గడువు ఇచ్చారు, పటం పెట్టారు. మరి లోపం ఎక్కడ? అడగడం ఆఖరున పెట్టారు. పటం పూర్తయిన తరవాత "ఏమైనా అభ్యంతరాలా" అనడం, గెడ్డెస్ చెప్పినట్లు ముందు ఊరు తిరిగి విని పిదప గీయడం, ఈ రెండూ ఒకటి కావు.

మన తప్పు కూడా చెప్పుకోవాలి. మాలో కొందరం ఆ పటం చూడడానికి ఆ రోజుల్లోనే వెళ్ళాం. రంగులు తప్ప మాకేమీ అర్థం కాలేదు. సర్వే నెంబరు వెతకడం రాలేదు. మన ఖబరస్తాను, ఈద్‌గా ఏ రంగులో ఉన్నాయో అడగాలన్న ఆలోచనే రాలేదు. టీ తాగి తిరిగి వచ్చాం. రైతులు రోడ్డెక్కకపోతే ఆ పటం అట్లాగే ఖాయమయి ఉండేది, మనకు పదేళ్ళ తరవాత తెలిసేది.

ఎల్లారెడ్డి, మధ్యలో లింగంపేట

కామారెడ్డినుంచి ఎల్లారెడ్డి పోయే దారిలో లింగంపేట వస్తుంది. అక్కడి నాగన్న బావి మెట్ల బావి, రాతితో కట్టినది. ఎన్నో ఏళ్ళు చెత్త, పూడిక, ముళ్ళచెట్లతో నిండి ఉండేది. ఇటీవలి సంవత్సరాలలో పూడిక తీసి, రాళ్ళు సర్ది, తిరిగి నీళ్ళు కనిపించేట్టు చేసారు. దోమకొండ కోట పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా - పసిఫిక్ పురస్కారం వచ్చింది. అంటే మన జిల్లాలోనే పాతదాన్ని కూల్చకుండా బాగు చేయడం ఎట్లాగో చూపిన పనులున్నాయి. గెడ్డెస్ మాట పుస్తకంలోనే ఉండిపోలేదు.

ఎల్లారెడ్డి పాత తాలూకా కేంద్రం. 2018లో మునిసిపాలిటీ అయింది. మెదక్‌నుంచి బాన్సువాడ, బోధను వైపు పోయే రోడ్డు ఊరి నడుమనుంచి పోతుంది. కామారెడ్డి నేర్చిన పాఠం ఎల్లారెడ్డికి ముందే అందాలన్నది మా ఆశ. చిన్న ఊరు కనుక ఇంకా సమయం ఉంది. రోడ్డు వెడల్పు మాట వచ్చినా, కొత్త మార్కెటు మాట వచ్చినా, పటం తెల్లగా ఉన్నప్పుడే దుకాణదారులు, మెకానిక్కులు, కూరగాయల ఆడవాళ్ళు కలిసి కూర్చోవాలి.

వరద గుర్తు చేసింది

2025 ఆగస్టు 27, 28 తేదీలు మనవాళ్ళెవరూ మరవలేరు. రాజంపేట మండలం ఆర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు మించి వాన పడింది. కామారెడ్డిలో జీఆర్ కాలనీ, హౌసింగ్ బోర్డు కాలనీ మునిగాయి. రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే తెగింది. ఎల్లారెడ్డి వైపు నాగిరెడ్డిపేట దగ్గర పోచారం ప్రాజెక్టు మీదుగా నీరు పొంగింది. 1922లో పూర్తయిన ఆ కట్ట, పక్క మట్టి కోసుకుపోయినా నిలిచింది. నూరేళ్ళ కిందటి వాళ్ళు నీళ్ళ బలం తెలిసి కట్టారు.

అంతటి వానకు ఏ ఊరయినా కష్టపడుతుందని అనవచ్చు. నిజమే. కాని ఏ సందులో నీళ్ళు ముందు వస్తాయో, ఏ కుంట అలుగు ఎటు పారేదో, ఏ నాలా ఎక్కడ సన్నబడిందో మొహల్లాలోని ముసలివాళ్ళను అడిగితే వేలు పెట్టి చూపిస్తారు. కప్పు కారే చోటు తెలిసిన అమ్మ వాళ్ళే. ఆ జ్ఞాపకం పటంలోకి ఎక్కాలి. ఎక్కించేవాళ్ళెవరూ లేకపోతే వాళ్ళతోనే మట్టిలో కలిసిపోతుంది.

మనం చేయగలిగినది

ఆగిపోయిన ముసాయిదా స్థానంలో నేడో రేపో ఏదో ఒక పటం రాక తప్పదు. పెరిగే ఊరికి పటం కావాలి కూడా. పటం వద్దనడం మా ఉద్దేశం కాదు. కనుక మా సంఘం తరఫున ఈ కింది మనవులు చేస్తున్నాం.

మొదటిది, ప్రతి మొహల్లాలో చదువుకున్న ఇద్దరు ముగ్గురు యువతీ యువకులు పటం చదవడం నేర్చుకోవాలి. సాధారణంగా పసుపు నివాసాలకు, ఊదా పరిశ్రమలకు, ఆకుపచ్చ పార్కులకూ ఖాళీ స్థలాలకూ వేస్తారు. పక్కనే ఉండే సూచిక చూస్తే తెలుస్తుంది. వారం రోజుల్లో వచ్చే విద్య ఇది.

రెండవది, మన ఇళ్ళు, దుకాణాలు, మసీదులు, ఖబరస్తాన్లు, ఈద్‌గాలు - వీటి సర్వే నెంబర్లు, పట్టా నకళ్ళు ఒక రిజిస్టరులో ఇప్పుడే రాసి పెట్టుకోవాలి. నోటీసు వచ్చిన రోజున పెట్టెలు వెతికితే లాభం లేదు.

మూడవది, అభ్యంతరం నోటితో చెప్పడం కాక కాగితం మీద ఇవ్వాలి. సర్వే నెంబరు, మన కారణం, బదులుగా ఏం చేయవచ్చునో మన సూచన రాసి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. వద్దు అని మాత్రమే రాసిన కాగితంకన్నా, ఇటు కాక అటు జరపండి అని రాసిన కాగితానికి బలం ఎక్కువ.

నాలుగవది, వార్డు కమిటీలలో మనవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, ఉండేట్టు చూసుకోవాలి. నీళ్ళు, మోరీ, చీకటి సందు కష్టం మొదట తెలిసేది వాళ్ళకే. హైదరాబాదు బస్తీలలో కుట్టుమిషను దగ్గర మొదలయిన ఆ ధైర్యం మన దగ్గర ఎందుకు రాదు?

అయిదవది, ఇది ఒక్క మన సముదాయం పని కాదు. వరద నీరు గడప చూసి కులం మతం అడగలేదు. 2023లో రోడ్డు మీద కూర్చున్న రైతుకూ, ఫుట్‌పాత్ మీది బండివాడికీ, గల్లీలోని మనకూ ఊరు ఒక్కటే. పొరుగువాళ్ళతో కలిసి రాసిన దరఖాస్తే నిలుస్తుంది.

ఈ సావనీరు చదివిన తరవాత పాఠకులు ఒక చిన్న పని చేయాలని కోరుతున్నాం. ఈ వారంలోనే మీ ఇంటి పెద్దవారి దగ్గర కూర్చుని, మన గల్లీలో పూర్వం నీళ్ళు ఎటు పోయేవి అని అడగండి. వారు చెప్పినది కాగితం మీద గీసి, తేదీ వేసి, మా సంఘం కార్యాలయంలో ఇవ్వండి. అన్నీ కలిపి ఒక పుస్తకంగా కుట్టి ఉంచుతాం. ఈసారి పటం గీసేవారు వచ్చినప్పుడు, మనం చేతులు కట్టుకుని రంగులు చూస్తూ నిలబడకుండా, ఆ పుస్తకం వారి ముందు పెడదాం.